ప్రథమ పురుష

అరండల్‌పేటలో ఏసీ ఆఫీసు కుర్రాడు
బండి నంబరు కొట్టి, ఏడాది చూసి
తెర నావైపు తిప్పాడు.
"దీనికి విలువ రావట్లేదండీ."
రావట్లేదట. కరెంటు రావట్లేదన్నంత తేలిగ్గా.

ఏపీ సెవెన్. తొంభై ఎనిమిది మోడల్.
సైలెన్సర్‌కి రెండు అతుకులు,
సీటు కింద పాత టెలిఫోన్ డైరెక్టరీ అట్ట,
తాళంచెవి మర్చిపోతే స్క్రూడ్రైవర్‌కి పలుకుతుంది.
టాంకు మీద, మా పాప మూడేళ్లప్పుడు
రెండు చేతులూ ఆనించి కూర్చున్న చోట
రంగు కాస్త ఎక్కువే పోయింది.
ఇది రాసుకోవడానికి వాడి ఫారంలో గడి లేదు.

బ్రాడీపేటలో ఒకాయన ఫుల్ ఇన్సూరెన్స్ ఇప్పిస్తానని
బండికంటే పెద్ద అంకె చెప్పాడు.
లాడ్జి సెంటర్లో ఇంకొకాయన
"తుక్కుకిచ్చి కొత్తది తీసుకోండి మాస్టారూ,
వాయిదాల సంగతి నేను చూస్తా" అని కాఫీ తెప్పించాడు.
కాఫీ తాగి వచ్చేశాను.
మెకానిక్కు మీరావలి మాత్రం ప్లగ్గు తుడుస్తూ, తలెత్తకుండానే,
"ఆర్టీవో ఆఫీసు ఎదురుగా రిబ్కమ్మ ఉంటది, పో సార్" అన్నాడు.

గొడుగు. గొడుగు కింద బల్ల. బల్ల మీద రాయి.
రాయి కింద ఊళ్లో సగం బళ్ల జాతకాలు.
రిబ్కమ్మ కళ్లజోడు పైకి నెట్టి
ముందు టైరు బొటనవేలితో నొక్కి చూసింది.
"థర్డ్ పార్టీ చాలు. ఎనిమిది వందల నలభై మూడు.
ఆ పైన ఎవడన్నా అడిగితే ఇవ్వమాకండి."
"మరి నాకేమన్నా అయితే?"
"మీకు వేరే కట్టాల. బండికైతే ఏం రాదు.
ఇది మీరు గుద్దినోళ్లకి."

గుద్దినోళ్లకి!
రసీదు మడతపడింది గానీ
మాట మడతపడలేదు.
ఇరవయ్యారేళ్లుగా సుద్దముక్కతో రాస్తున్నదే:
నేను, ఉత్తమ పురుష.
నువ్వు, మధ్యమ పురుష.
ఎదుట లేనివాడు, పేరు తెలియనిది,
వాడు, ఆమె, అది
ప్రథమ పురుష.
ఇంగ్లీషువాడు మూడో వరసలో కూర్చోబెట్టినవాణ్ణి
మనవాళ్లు ముందు లెక్కపెట్టారు.
ఎందుకని ఒక్క పిల్లాడూ అడగలేదు,
నేనూ బతికిపోయాను.

మిర్చి యార్డు వదిలేవేళ.
ఘాటుకి హెల్మెట్లోనే తుమ్మి
కళ్లు తెరిచేసరికి
నెత్తి మీద మడతపెట్టిన గోనెపట్టాతో ఒకామె
డివైడర్ దిగి అడ్డంగా నడుస్తోంది,
ఈ లోకంలో బళ్లే లేనట్టు.
బ్రేకు.
కీచుమని, కాస్త పక్కకి ఒరిగి
ఆగింది పాతది.

ఆమె అప్పుడు చూసింది.
"సూసుకోబళ్లా పెద్దాయనా!"
"చూసుకోవాల్సిందేనమ్మా" అన్నాను.
అంతసేపే నాకామె 'నువ్వు'.
అవతలి టీకొట్టు జనంలో కలిసిపోయి
మళ్లీ 'ఆమె' అయింది.

ఇంజను ఆగిపోయింది.
వెనక ఆటో హారన్ల మీద హారన్లు.
జేబు తడుముకున్నాను, రసీదుంది.
నాలుగో కిక్కుకి లేచింది
విలువ రాని బండి.