గుమ్మం కడిగిన నీళ్ళు

పానగల్ పార్కు వెనక సందులో మా సంఘం హాలు.
కార్తీకం. మద్రాసు వాన.
పక్క తెర చాటున మడత స్టూలు మీద నేను,
ఒళ్ళో రాతప్రతి, బుగ్గన లవంగం,
చేతిలో పెన్నంత టార్చి.
ఇరవై ఆరేళ్ళుగా ఇదే నా వేషం:
ఎవరికీ కనపడకూడదు,
అందాల్సినవాడికి మాత్రం వినపడాలి.

మొదటి అంకం. పరాంకుశరావు గారి ముందుగది.
వెండి గ్లాసులు, అంటే స్టీలుకి సిగరెట్ రేకు చుట్టినవి.
రేపు కొత్త గోడౌనుకి రిబ్బను కత్తిరింపు.
అప్పుడే ఫోను మోగుతుంది,
మోగించేది నేనే, సైకిలు బెల్లుతో.
పాత గోడౌను ట్యాంకులోకి ఎవడో దిగాడట,
పైకి రాలేదట.
కూతురు అడుగుతుంది, "నాన్నా, అది మన ట్యాంకేగా?"
పరాంకుశరావు కండువా సర్దుకుని
చివరి వరసకీ వినపడేలా అంటాడు:
"ఎవరి గుమ్మం వాళ్ళు కడుక్కుంటే
ఊరంతా శుభ్రమేనమ్మా!"

చప్పట్లు.
రాకూడని చోట వచ్చాయి.
రచయిత దాన్ని ఎగతాళిగా రాశాడు,
మొదటి వరస నిజంగానే ఒప్పేసుకుంది.
బియ్యం మిల్లు ఆయనైతే
పక్కాయన తొడ మీద చరిచి మరీ ఒప్పుకున్నాడు.

నా వెనక, మేకప్ గది బాత్రూం పొంగితే
పెంచలమ్మ వచ్చి ఉంది.
సాయంత్రం నుంచీ మేమంతా ఆమెతో
వచ్చీరాని అరవం మాట్లాడుతున్నాం,
ఇంగె, అంగె, సీక్కిరం అని చేతులూపుతూ.
వెదురు బద్దని తూములో ఆడిస్తూ
తలెత్తకుండానే ఆమె అంది:
"గడప కడిగిన నీళ్ళు యాడికి పోతాయంట?"

తెలుగు.
నెల్లూరు నుంచి నడిచొచ్చి
నాలుగు తరాలు పులియంతోపులో నానిన తెలుగు.
అంటే ఇందాకటి నుంచీ ఆమెకి అన్నీ తెలుసు.
పకోడీల పొట్లం అటు జరపమన్నదీ,
మంచినీళ్ళు ఏ చెంబుతో ఇవ్వాలని గుసగుసలాడిందీ,
నేను అన్నదీ.

వేదిక మీద పరాంకుశరావు ఆగిపోయాడు.
చప్పట్లు ఆయన తర్వాతి మాటని తుడిచేశాయి.
నా వైపు కన్ను తిప్పాడు. మూడు క్షణాలు, నాలుగు.
టార్చి వెలుగు వాక్యం మీదే ఉంది.
నా నోటికి మాత్రం చెవిలో ఉన్నదే అందింది:
"గుమ్మం కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?"
గడపని గుమ్మం చేశాను,
యాడికిని ఎక్కడికి చేశాను.
ఇరవై ఆరేళ్ళ అలవాటు.

అందించింది అందుకోవడమే ఆయన విద్య.
ఎటూ చూడకుండా, నెమ్మదిగా,
"గుమ్మం కడిగిన నీళ్ళు... ఎక్కడికి పోతాయి?"
హాల్లో ఫ్యాన్లు వినపడ్డాయి.
రేకుల మీద వాన వినపడింది.
బియ్యం మిల్లు ఆయన చెయ్యి
పక్కాయన తొడ మీదే ఉండిపోయింది.
కూతురు వేషం వేసిన వకుళ, జవాబు రాసిపెట్టి లేని పిల్ల,
వెండి గ్లాసు కింద పెట్టింది. రేకు కాస్త ఊడింది.
రెండు పేజీలు మిగిలుండగానే
తెర దించేశారు.

విరామంలో రచయిత నన్ను కౌగిలించుకున్నాడు.
"ఆ మాట ఉంచేద్దామయ్యా" అని
నా పెన్నే తీసుకుని
రాతప్రతి అంచున తన చేత్తో రాసుకున్నాడు.
చెప్పొచ్చు నేను. చెప్పబోయాను కూడా.
అటు కార్యదర్శి మూడు వందల నోట్లని
పెంచలమ్మ అరచెయ్యి తగలకుండా
పైనుంచి వదులుతున్నాడు.
ఒకటి తడి నేల మీద పడింది.

వంగి తీసుకుంటూ ఆమె నన్నడిగింది:
"అయ్యా, ఆ ట్యాంకీలో దిగినోడు
తెర మళ్ళీ లేసినాక వస్తాడా?"

రాడు.
వాడికి పేరు కూడా పెట్టలేదు.
మొత్తం నాటకంలో వాడికి ఒక్క మాట లేదు,
నేను అందించాల్సిన అవసరమే లేదు.

"చచ్చిపోయాడమ్మా కథలో" అన్నాను,
ఆమెతో మొదటిసారి తెలుగులో.

"అది తెలుసులే అయ్యా"
అంది బద్ద భుజానికెత్తుకుని.
"ఇంటికన్నా తెచ్చినారా, అని."