అరు, ఇరు

అనంతపురం కమలానగర్‌లో మూడో అంతస్తు.
కింద పంక్చర్ షాపు కంప్రెసర్ ఆగినప్పుడే నా పాఠం.
పదకొండేళ్లు హమమత్సులో గేర్లు బిగించిన చేత్తో
సుద్దముక్క పట్టుకుని రెండు మాటలు రాశాను:
అరు. ఇరు.

రెంటికీ అర్థం ఉండటమే.
బల్ల ఉంటే అరు,
గోడమీద బల్లి ఉంటే ఇరు.
అకారానికి గుడి కట్టగానే
ప్రాణం వచ్చి పాకినట్టు.
నవ్వారు.

పోయిన వారం
చొక్కాకో మాట, చెప్పులకో మాట, టోపీకో మాట అన్నా
ఎవరూ విసుక్కోలేదు.
కట్టుకోవడం, తొడుక్కోవడం, పెట్టుకోవడం
మనకూ ఉన్నవే కదా.

"చెట్టుకు సార్?"
వెనక బెంచీ నుంచి వన్నూరమ్మ.
"అరు."
"ప్రాణం లేదా?"
"తనంతట తాను కదలదు కదమ్మా."

ఆమెది బెళుగుప్ప పక్కన పల్లె,
మూడెకరాల శెనిక్కాయ.
"పువ్వు పైన పూస్తాది సార్.
అది వాడినాక ఊడ వంగి
మన్ను యాడుందో ఎతుక్కుంటా దిగుతాది.
ఎవురు నెట్టినారు దాన్ని?"

కంప్రెసర్ మోగింది.
బతికాను.

మోత తగ్గాక మళ్లీ ఆమే:
"పోనీలే సార్.
మన మాటలో మగోడైతే ఉండాడు.
నేనూ, మా బర్రే, వాకిట్లో రోలూ,
అన్నిటికీ ఒకటే, ఉండాది.
ఆడికి పోతే నాకు ఇరునే కదా?"
"ఇరునే."
రాసుకుంది. కింద ఒక గీత, దాని కింద ఇంకో గీత.

అన్నేళ్లు ఆ భాషలో తిని, తిట్టించుకుని, కలలు కన్నవాణ్ని,
ఈ లెక్క ఎన్నడూ వేయలేదు.
నాకు రెండు చోట్లా ప్రాణం ఉంది మరి.

శనివారం పరీక్ష. ఖాళీ పూరించాలి:
పొలంలో వేరుశనగ _____.
ఇరు, అని రాసింది,
రెండుసార్లు దిద్ది, లావుగా.
అక్కడ అర మార్కు ఇవ్వరు.
కొట్టేశాను,
గీత వీలైనంత సన్నగా.

సోమవారం ఆ చోటు ఖాళీ.
మాబున్ని లేచి చెప్పింది:
"రాత్రి వాన పడింది కద సార్,
చేన్లో ఉండాది."

హాజరు పట్టీ మీద పెన్ను ఆగింది.
ఏది? తేమా, పంటా,
వన్నూరమ్మా?

అడగలేదు.
కింద ఎవరిదో టైరులోకి
గాలి ఎక్కుతోంది.