మూడో బటన్

ముందు తల తుడవాలి.
జెల్ అంటుకోవడం లేదు, వెంట్రుకల మొదళ్లలో ఇంకా సిమెంటు.
బుచ్చన్న సిగ్గుపడ్డాడు:
"రెండుమాట్ల రుద్దుకున్ననమ్మా, క్యాంపుల నీళ్లే ఉప్పుగుంటయి."
దూది తడిపి ఒక్కో చోటా తుడిచాను,
అరవైనాలుగు చోట్ల.
పరాయి మనిషి తల అంతసేపు పట్టుకుని కూర్చోవడం
నా ఉద్యోగంలోనే కుదురుతుంది.

తెర మీద పన్నెండు గీతల పెట్టె.
పైనుంచి చూస్తున్నట్టుంటే ఎడమ బటన్,
కిందనుంచైతే కుడి.
బొమ్మ కదలదు, ఒట్టు.
మారేది మనమే, అన్నాను,
కాగితంలో రాసిచ్చిన మాటే.

కిటికీ అవతల జబల్ హఫీత్
దుమ్ములో ఉందో లేదో తేలడం లేదు.

నిన్నటి విద్యార్థులకు మూడేసి సెకన్లకోసారి పెట్టె తిరగబడింది.
వేలు కదలకముందే
తల వెనక చిన్న అల లేస్తుంది,
చుట్టాలు వీధి మలుపు తిరగకముందే
కుక్క చెవులు నిక్కినట్టు.
ఆ అలని పట్టుకుని తారీఖు వేయడం నా పని.

బుచ్చన్నకి అలలు లేస్తూనే ఉన్నాయి.
బటన్ మాత్రం నొక్కడు.
ఒక నిమిషం. రెండు.
నిద్రపోయావా అన్నా?
"లేదమ్మా, సూస్తనే ఉన్న.
మీదికెల్లి కాదు, కిందికెల్లి కాదు.
నేను లోపలున్న."

పదకొండేళ్లుగా అతను కట్టేవి ఇనుప చువ్వల పంజరాలే.
చువ్వకీ చువ్వకీ తీగ మెలిపెట్టి,
చివరి ముడి లోపల్నుంచి వేసి
కాంక్రీటు వచ్చేలోగా ఒదిగి బయటపడాలి.
"ఆఖరి ముడి ఏసేటప్పుడు
మీద ఏదో కింద ఏదో ఎవడు సూస్తడు?
సందు ఏడున్నదో గదే సూస్తం."

లోపల అనడానికి నా దగ్గర బటన్ లేదు.
ప్రొఫెసర్ ఆ వరస కొట్టేయమన్నారు,
సూచనలు అర్థం కాలేదని రాసి.
కొట్టేశాను.
అలల్ని మాత్రం వేరే పేరుతో దాచుకున్నాను,
ఎందుకో అడక్కండి.

కిరాణా కూపన్ మడుస్తూ అడిగాడు:
"అల్ ఐన్ అంటే ఏందమ్మా?
ఐన్ అంటే కన్ను అంటడు మా రూములోడు.
కాదు, నీళ్ల ఊట అంటడు బస్సు డ్రైవరు.
రోజూ కొట్లాటే."
రెండూ నిజమే, అన్నాను.
కాసేపు కూపన్ వైపే చూసి
"చెలిమె," అన్నాడు,
ఇప్పుడు నొక్కినట్టు.

జెల్ కడుక్కోకుండానే బస్సెక్కాడు.