తవుడు పెట్టి కొన్న రాయి

గరివిడి దాటేక పాత మాంగనీసు గొయ్యి.
అక్కడ పనికెళ్ళిన బట్ట ఏ సబ్బుకీ తెల్లబడదు.
ఏరుడు బల్ల దగ్గర తవిటమ్మ
ఆ రాయిని రెండుసార్లు అరచేతిలో ఎగరేసింది,
తట్టలో వెయ్యకుండా కాలి పక్కన పెట్టుకుంది.

"బరువు తేడాగున్నాది బావూ."

ముప్పై ఏళ్ళు రాళ్ళు ఏరిన చెయ్యి
నా తక్కెడ కన్నా ముందే చెప్పింది.
(ఆ బరువు సీసానిదని తరవాత తేలింది.
అయినా ముందు చెప్పింది ఆవిడే.)

కోసేను.
రంపం కింద నీళ్ళు కాటుకలా కారేయి.
జిగురులో నిలబెట్టి, వజ్రపు పొడితో రుద్ది రుద్ది,
ఈగ కూడా జారేంత నునుపయ్యేక
మైక్రోస్కోపు కింద పెట్టేను.

సీసపు ఖనిజంలో, సన్నటి పగులు వెంట
ఐదు చుక్కలు.
అన్నింటిలోకీ పెద్దది తలవెంట్రుకలో సగం.
తెలుపే గానీ పాల తెలుపు కాదు,
చల్ల మీద తేరిన నీటి తెలుపు, అడుగున నీలి జాడ.
బల్ల తిప్పుతుంటే ఒక్కసారి లోపలినుంచి
దానిమ్మగింజ ఎరుపు మెరిసి ఆరిపోయింది.

రూబీ సిల్వర్ అనుకున్నాను మూడు రాత్రులు.
అందులోకి మాంగనీసు ఎలా వచ్చిందో
నాకు నేనే చెప్పుకోలేక మానేసేను.

టిఫిను డబ్బాలో, దూదిలో చుట్టి
పలాస పాసింజరులో విశాఖ తీసుకెళ్ళేను.
కిటికీ సీటు దొరికినా బయటికి చూడలేదు.
వెండి, మాంగనీసు, యాంటిమొనీ, గంధకం.
కూడితే తొంభైతొమ్మిది పాయింట్ నాలుగు.
ఆ లేని ఆరు పదోవంతులు
నన్ను నెల్లాళ్ళు పడుకోనివ్వలేదు.

ఎక్స్‌రేకి ఒక్క గింజ కావాలి.
సూదిమొనతో పెకలించి, ఊపిరి బిగబట్టి ఉంటే
అటెండరు గురువులు తుమ్మేడు.
ఇప్పుడు లోకంలో నాలుగే.

రెండోది నిలబడింది.
లోపలి ఇల్లు చూపించింది:
గోడల్లో ఒకటి ఒరిగి ఉంది,
తుపాను మర్నాటి తాటాకు పాకలాగ.
కానీ ఎన్ని లక్షల పాకలైనా
అన్నీ అంతే ఒరిగి, ఒక్క డిగ్రీ తేడా లేకుండా.

కిటికీ దగ్గర మరిచిపోయిన ముక్కలో
చుక్కలు సాయంత్రానికి మసకేసేయి.
చెప్తే తవిటమ్మ నవ్వింది.
"ఎండి కదా, ఎండలో ఎండితే నల్లబడదేటి?"
నేను రెండు పేజీలు రాసింది అదే.

"మెట్టెలవుతాయేటి మరి?"
"అన్నీ కలిపినా దోమ కాలికి చాలవు."
"మరెందుకీ గోల?"
దానికి జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను.

కొత్త ఖనిజానికి పేరు పంపమన్నారు.
వర్ణించినవాడు తన పేరు పెట్టుకోకూడదు.
తవిటైటు అని రాసి, ఆవిడకి చెప్పేను.

తలపాగా విప్పి దులుపుతున్న చెయ్యి ఆగింది.
"నాకు ముందు ముగ్గురు పోనారు బావూ.
నన్ను సేటలో ఏసి పక్కింటోలు తవుడెట్టి కొన్నారు.
ఈ గుంట ఇలువైందని సావుకి తెలకుండా
ఎట్టిన పేరది.
రాయికెందుకు? రాయికి సావుంటాదేటి?"

నాలుగు గింజలే ఉన్నాయన్నాను.
గొయ్యిలో నీళ్ళూరుతున్నాయి,
తోడటం గిట్టుబాటు కాదంటున్నారు,
వానలకి ముందే మూసేస్తారన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు.
గోటి సందుల్లో నలుపు చూసుకుంది.
"అయితే ఎట్టు."

దరఖాస్తు నింపేను.
రంగు, ఉక్కు బూడిద. గీత, ఎరుపు కలిసిన నలుపు.
గోటికి లొంగదు, రాగి పైసాకి లొంగుతుంది.
నమూనా ఉంచిన చోటు: వెలుతురు తగలని పెట్టె.
పేరుకి కారణం అన్న గడిలో
మొదట గుర్తుపట్టిన ఆమె పేరు, అని రాసేను.

తవుడు సంగతి రాయలేదు.
చావు చదువుతుందేమోనని.