ఆటుకీ పోటుకీ మధ్య

కాల్బుకో తీరంలో సముద్రం తగ్గిందంటే
మనిషి మీద మనిషి, ఆ పైన ఇంకో మనిషి నిలబడేంత తగ్గుతుంది.
అందుకే మాకు మరమ్మతుల షెడ్డు లేదు,
చంద్రుడున్నాడు.

నిన్న అమావాస్య.
అర్ధరాత్రి దాటాక ‘దోన్యా ఉబెర్లిందా’ని
గులకరాళ్ళ మీదికి తెచ్చి ఆపాం.
తెల్లారేసరికి నీళ్ళు జారిపోయి
పడవ ఒక పక్కకి ఒరిగింది,
కాడి దింపిన ఎద్దులా.

ఐదు గంటలు. అంతే గడువు.

మా అన్న ఎరాస్మో ఇనుప గోకుడుబిళ్ళ పట్టుకొచ్చాడు.
“అది అవతల పెట్టు” అన్నాను.
ముఖం మాడ్చుకుని మాతే కాచడానికి పోయాడు.

జూన్ నుంచి అతనిది ఒకటే గోల.
చేపలు పోయాయి.
సాల్మన్ పెంచే కంపెనీలు మింగేశాయి,
ఎర్రనీరు మింగేసింది,
నువ్వు ఎక్కిన రోజే పడవకి ఏదో పట్టుకుంది.
రుజువుగా స్క్రీన్ చూపించేవాడు:
నీలం, కింద మసక గీత.
మీట పెంచితే రవ్వల వాన,
తగ్గిస్తే అదీ లేదు.

పడవ కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాను,
మెడ కింద తడి గోనెసంచి.
వెన్నుదూలం పక్కన ఉండాలి,
అరచేయంత నల్లబిళ్ళ, ట్రాన్స్‌డ్యూసర్.
లేదు.
దాని చోట ఒక పేట వెలిసింది.
గోడకి గోడ ఆనుకుని గుల్లలు,
సందుల్లో పాచి,
ఒక మూల మూడు పిల్ల ఆల్చిప్పలు,
నిన్నగాక మొన్న అద్దెకి దిగినట్టు.

చెక్క గరిటెతో మొదలుపెట్టాను.
ఇనుము తగలకూడదు, గీత పడితే
అందులో బుడగలు మకాం వేస్తాయి,
పంపిన చప్పుడు అడుగుదాకా పోదు.
గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు,
పాత పళ్ళ బ్రష్షు, చివరికి బొటనవేలి గోరు.
థిన్నర్ వద్దు.
పడవ ఒంటికి పూసే ఎర్ర రంగు అసలే వద్దు.
దీనికి వేరే డబ్బా, నీళ్ళలో కలిసేది,
పల్చగా ఒక్క పూత.

పూతకి ముందు, గుల్లలు ఊడిన చోట
ఒక పాత గీత బయటపడింది,
వంకరగా, లోతుగా, పోయిన ఏడాదిది.
ఆ రోజు కత్తి పట్టుకున్నది
ఎరాస్మో కాదు.
సన్న గరుకు కాగితంతో
చాలాసేపు రుద్దాను.

గుల్లల బకెట్ తెచ్చి అన్న ముందు పెట్టాను.
చూశాడు. ఒకటి తీసి వాసన చూశాడు.
“సూప్‌కి పనికొస్తాయా?”
క్షమించమనడానికి మా ఇంట్లో
ఇంతకన్నా దగ్గరి మాట లేదు.
గీత సంగతి నేనూ ఎత్తలేదు.

పది దాటాక నీళ్ళొచ్చాయి.
పడవ ఒళ్ళు విరుచుకుని లేచింది.
స్విచ్ వేశాను.
అడుగు కనిపించింది, కత్తిరించినట్టు,
రాయి రాయిగా.
చేప ఒక్కటీ లేదు.
ఇంత ఒడ్డున ఎలా ఉంటుంది?

మీటరూ పది. మీటరూ ఇరవై.
ఎరాస్మో నా భుజం మీంచి వంగి చూస్తున్నాడు.
మీటరున్నర.
మేమింకా లంగరు ఎత్తలేదు,
అంకె మాత్రం పెరుగుతోంది.