ఎర్రదా, నీలందా

ఆటోనగర్లో మీరావలి కొట్టు ముందు
అరగంట నుంచీ నిలబడే ఉన్నా.
ఎర్రది పద్నాలుగు వేలు, నీలంది ఇరవై ఆరు.
"నీలంది తీస్కోండి మేడమ్,
బస్సు ఛాసిస్ అయినా అతికేస్తది."
నాకున్నది బస్సు కాదు,
కృష్ణలంకలో మెట్ల కింద
బ్రేకు పెడలు పక్కనుంచి నేల కనపడే
మారుతీ ఎనిమిదొందలు.

ఇంటి కరెంటు చాలుతుందా? చాలుద్ది.
మరి గ్యాసు బండ? అది వేరే, అద్దె వేరే.
ఏటిగాలి సంగతి అతనికి చెప్పలేదు.
పొద్దుగూకితే కరకట్ట దాటొచ్చి
క్లిప్పులు పెట్టిన చీరల్నే ఉంచదు,
కరిగిన ఇనుం మీద
కంటికి కనపడని గ్యాసుని ఉంచుతుందా?

ఎర్రదే తీసుకున్నా.
కడుపులో మందు కూరిన తీగ, కిలో చుట్ట.
బేరమాడితే తలకి ముసుగు ఊరికే ఇచ్చాడు.

ఆ రాత్రి మీట నొక్కగానే
పైవాటాలో ఫ్యాను నీరసపడింది.
"ఏంటమ్మా ఆ మెరుపులు?" ప్రసూనాంబ గారు, కిటికీలోంచి.
రేకు అప్పడమంత పల్చన.
ఎక్కువ పెడితే చిల్లి,
తక్కువ పెడితే వట్టి ఉమ్మి.
చుక్క. ఆగు.
చుక్క.
మోచేతి మీద నిప్పురవ్వ. తిట్టుకుని, మళ్ళీ చుక్క.

చీమలపుట్టలా తేలింది అతుకు.
సుత్తితో ఒక్కటిచ్చా. ఊడలేదు.
నమ్మబుద్ధి కాక ఇంకోటిచ్చా.

పెడలు పక్కన ఇప్పుడు నేల కనపడదు.
క్లచ్చు వైపు
ఇంకా కనపడుతూనే ఉంది.