తరుగు

మార్చి నెల. హన్మకొండ. లైబ్రరీ రెండో అంతస్తు.
ఫ్యాను గాలికి బిల్లులు లేవకుండ
వాటి మీద ఎండిపోయిన స్టాంపు ప్యాడు పెట్టిన.

పోయినేడు పద్నాలుగు డేటాబేసులు.
ఈయేడు పైసలు తొమ్మిదింటికే.
డాలరు ఎక్కింది, గ్రాంటు దిగింది,
నడుమ నేను, ఒక ఎక్సెల్ షీటు.

లెక్క అల్కనే:
కట్టిన రూపాయలను
డౌన్‌లోడ్ అయిన పేపర్లతోని భాగించాలె.
తక్కువొస్తే ఆకుపచ్చ, ఎక్కువొస్తే ఎరుపు.
ఎరుపుకు జాలి లేదు.
కోపం సుత లేదు.

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల హమాలి.
బస్తా కాంటా ఎక్కినంక
ముల్లు ఊగుడు ఆగకముందే
అడ్తి గుమాస్తా రాసుకునేటోడట,
తరుగు రెండు కిలోలు.
దుమ్ముకు ఒకటి, తేమకు ఒకటి.
"ముల్లు ఆగనియ్యి సారూ" అన్నందుకు
నాయినకు రెండు దినాలు పని దొరకలే.

కమిటీ కూసున్నది. చాయ, ఉప్పు బిస్కెట్లు.
పెద్ద సారు ఒకదాని మీద వేలు పెట్టి
ఇది తీయొద్దన్నడు.
ఆయన దాన్ని ఎన్నడూ తెరువలే,
లాగిన్ లెక్క నా దగ్గరున్నది.
"యూనివర్సిటీకి ఇజ్జత్ గదమ్మా."
ఇజ్జత్‌కు షీట్ల కాలమ్ లేదు.
అయినా ఆ వరుస ఆకుపచ్చగైంది,
నా చేతులతోనే.

హైదరాబాదు నుంచి కంపెనీ పిలగాని ఫోను:
"మేడమ్, ఆరు కలిపి తీసుకుంటె అగ్గువ.
ఒక్కటే కావాల్నంటె పిరం."
మంచి బెండకాయల కింద
పుచ్చు వంకాయలు జోకే బేరం
కుమార్‌పల్లి అంగట్ల రోజూ చూస్తనే ఉన్న.

పన్నెండో వరుస.
పంట పురుగుల మీద విదేశీ పత్రికలు.
నాలుగు లక్షల పద్దెనిమిది వేలు.
ఏడాది మొత్తంల దించుకున్నవి పదకొండు.
పేపరుకు ముప్పై ఎనిమిది వేలు,
అంటే రెండు క్వింటాళ్ల తేజా మిర్చి,
అదీ ధర బాగున్ననాడు.

లెక్క పేరు చెప్పది, టైము చెప్తది.
రాత్రి ఒంటిగంట నలభై. రెండుంబావు.
పదకొండూ ఒక్క వారంలనే,
గోవిందరావుపేట దిక్కు పూత మీద
నల్ల తామరపురుగు పడ్డ వారం.

ఎవరో నాకెరుకే.
ఈసం జయసుధ. పీహెచ్‌డీ మూడో ఏడు.
వద్దన్నా చెప్పులు బయట విడిచి
లైబ్రరీలకు వచ్చే పిల్ల.
చదివినవి పనికొచ్చినయా అని అడుగలే.
వాళ్ల చేను దున్నేసిన్రని మాత్రం
వేరే ఎవరో చెప్పంగ విన్న.

ఈ కథ చెప్పుదామని
కమిటీల ఒకసారి నోరు తెరిచిన.
"పదకొండే గదా" అన్నరు.
పదకొండే.
నేను గూడ భాగహారం చేసినదాన్నే.

ఎరుపు నింపిన. సేవ్ కొట్టిన.
స్టాంపు ప్యాడు తీస్తె
అడుగు బిల్లు మీద ఊదారంగు చతురం,
ఎండిపోయిందనుకున్న ఇంకే.

ఏప్రిల్‌ల ఇంకో రిపోర్టు వస్తది.
తలుపు దాకా వచ్చి
లోపలికి రాలేక మళ్లిపోయినోళ్ల లెక్క.
దాన్ని కమిటీ ముందట పెట్టే రివాజు లేదు.

పన్నెండో వరుస: మూడు.
రాత్రి ఒంటిగంట యాభై.
ఒంటిగంట యాభై ఒకటి.
ఒంటిగంట యాభై నాలుగు.